కుడిచెయ్యి పోయింది... కచేరీ ఆగలేదు

ఇయర్‌ఫోన్స్‌ పెట్టుకుని, కళ్లు మూసుకుని వినాల్సిన సంగీతం ఒకటుంది. మారిస్‌ రవెల్‌ అనే ఫ్రెంచి స్వరకర్త రాసిన పియానో కన్సర్టో. యూట్యూబ్‌లో రవెల్‌ పేరు పక్కన లెఫ్ట్‌ హ్యాండ్‌ అని కొడితే పదులకొద్దీ వస్తాయి. మొదట ఆర్కెస్ట్రా అట్టడుగు నుంచి, వినీ వినపడనట్టు ఏదో గొణుగుడు మొదలవుతుంది. అది పెరిగి పెరిగి పెద్ద కెరటమై విరిగిపడ్డాక, అంతా ఆగిపోయి పియానో ఒక్కటే లేస్తుంది. కింద గంట కొట్టినట్టు లోతైన స్వరాలు, మధ్యలో జల్లు, అన్నిటికన్నా పైన ఒక పాట. ఎన్ని చేతులు వాయిస్తున్నాయి అని అడిగితే ఎవరైనా రెండు అంటారు. మూడు అన్నా తప్పు పట్టలేం.

వాయిస్తున్నది ఒక్క చెయ్యి. అదీ ఎడమది.

ఈ సంగీతాన్ని డబ్బిచ్చి మరీ రాయించుకున్నవాడు పాల్‌ విట్‌గెన్‌స్టైన్‌. ఇంటిపేరు ఎక్కడో విన్నట్టు ఉందా? ఫిలాసఫీ ఆప్షనల్‌ తీసుకున్నవాళ్లకు తెలిసే ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు పెద్ద తత్వవేత్తల్లో ఒకడైన లుడ్విగ్‌ విట్‌గెన్‌స్టైన్‌ ఇతనికి స్వయానా తమ్ముడు. ఇవాళ లోకం తమ్ముణ్ని గుర్తుపెట్టుకుంది. 1920ల్లో, 30ల్లో మాత్రం కచేరీ పోస్టర్ల మీద కనిపించిన పేరు అన్నదే.

ఏడు పియానోల ఇల్లు

పాల్‌ 1887 నవంబరు 5న వియన్నాలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యానికి రాజధాని. తండ్రి కార్ల్‌ ఉక్కు వ్యాపారి, ఆ సామ్రాజ్యంలో అందరికన్నా ధనవంతులైన కొద్దిమందిలో ఒకరు. ఈ కార్ల్‌ కథ కూడా సినిమాకు తక్కువేం కాదు. పదిహేడేళ్ల వయసులో ఇంట్లో చెప్పకుండా అమెరికా పారిపోయాడు. అక్కడ వెయిటర్‌గా పనిచేశాడు, వయొలిన్‌ వాయించి, పాఠాలు చెప్పి పొట్టపోసుకున్నాడు. రెండేళ్లకు తిరిగొచ్చి, మెల్లగా ఉక్కు ఫ్యాక్టరీలకు అధిపతి అయ్యాడు. తన కుర్రతనంలో అంత స్వేచ్ఛ తీసుకున్న పెద్దమనిషి కొడుకులకు మాత్రం చెప్పినట్టు నడవాలని గీత గీశాడు. అయితే వ్యాపారం, లేకపోతే ఇంజినీరింగ్‌. మూడో దారి లేదు. మన ఇళ్లల్లో తెలియని కథా ఇది?

కానీ ఆ ఇంట్లో సంగీతం మాత్రం గోడలకంటుకుని ఉండేది. తల్లి లియోపోల్డీన్‌ మంచి పియానిస్టు. ఇంట్లో ఏడు గ్రాండ్‌ పియానోలు ఉండేవి. బ్రామ్స్‌, మాలర్‌, రిచర్డ్‌ స్ట్రాస్‌ లాంటి ఉద్దండులు ఆ ఇంటికి అతిథులుగా వచ్చిపోతుండేవారు. కుర్ర పాల్‌ స్ట్రాస్‌తో కలిసి పియానో వాయించేవాడంటే ఊహించుకోండి. బతికి బట్టకట్టిన ఎనిమిది మంది పిల్లల్లో పాల్‌ ఏడోవాడు, లుడ్విగ్‌ ఆఖరివాడు.

డబ్బు, సంగీతం రెండూ ఉన్నా ఆ ఇంట్లో సుఖం లేదు. పెద్దన్న హాన్స్‌ గొప్ప సంగీత ప్రతిభ ఉన్నవాడు. తండ్రితో పొసగక వెళ్లిపోయి, 1902లో అమెరికాలో కనిపించకుండా పోయాడు. రెండేళ్లకు ఇంకో అన్న రూడీ బెర్లిన్‌లో ప్రాణం తీసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో మూడో అన్న కూర్ట్‌ కూడా అంతే. ఇలాంటి ఇంట్లో పెరిగినవాడు మొండివాడైతే ఆశ్చర్యమేముంది? పాల్‌ మొండివాడే. కోపిష్ఠి కూడా. తమ్ముడు ఇంట్లో ఉంటే వాయించడానికి ఇబ్బంది పడేవాడట. లుడ్విగ్‌కు తన వాయింపు నచ్చదని ఆయనకు తెలుసు. ఆ అపనమ్మకం తలుపు సందుల్లోంచి కూడా తనని తాకుతున్నట్టుండేది.

తండ్రి మాట ప్రకారం కొన్నాళ్లు బెర్లిన్‌లో బ్యాంకు శిక్షణకు వెళ్లాడు పాల్‌. మనసు నిలవలేదు. వియన్నాలో అప్పట్లో పియానో గురువంటే లెషెటిట్స్‌కీ. ఆయన దగ్గర చేరాడు. చిన్నప్పటి నుంచి ఇంకో గురువు కూడా ఉన్నాడు. యోసెఫ్‌ లేబర్‌. చిన్ననాడే చూపు పోయిన ఆర్గన్‌ విద్వాంసుడు, స్వరకర్త. ఈయన పేరు గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తాడు.

1913 జనవరిలో తండ్రి చనిపోయాడు. అదే ఏడాది డిసెంబరు 1న వియన్నాలోని మ్యూజిక్‌ఫెరైన్‌ హాల్లో ఆర్కెస్ట్రాతో పాల్‌ తొలి కచేరీ. వయసు 26. సంగీతంలో ఆ వయసుకు తొలి కచేరీ అంటే ఆలస్యమనే చెప్పాలి. అయినా పత్రికలు మెచ్చుకున్నాయి. ఇక కెరియర్‌ దారిలో పడింది అనుకునేసరికి ఎనిమిది నెలలు తిరగకుండానే యుద్ధం వచ్చింది.

పెట్టె మీద బొగ్గు గీతలు

పాల్‌ రిజర్వు సైనికాధికారి. 1914 ఆగస్టులో రష్యా సరిహద్దు వైపు పంపారు. ఇప్పటి పోలండ్‌లోని జమోష్చ్‌ దగ్గర, శత్రువు ఎక్కడున్నాడో ఆచూకీ తీయడానికి తన దళంతో వెళ్లాడు. తూటా కుడి మోచేతిలో దిగింది. క్రాస్నిస్తావ్‌ అనే ఊళ్లోని యుద్ధ ఆసుపత్రిలో డాక్టర్లు చేయి తీసేయక తప్పలేదు. చికిత్సలో ఉండగానే రష్యన్లు ఆ ఆసుపత్రిని పట్టుకున్నారు. అలా ఒకేసారి చెయ్యీ పోయింది, స్వేచ్ఛా పోయింది.

గాయం మానకముందే రైళ్లలో రష్యా లోపలికి తీసుకెళ్లారు. చివరికి చేరింది సైబీరియాలోని ఓమ్స్క్‌. చలి, జబ్బులు, కిక్కిరిసిన గదులు. పాల్‌ అక్కడ ఒక ఖాళీ చెక్కపెట్టె దొరికించుకుని, దాని మీద బొగ్గుతో పియానో మెట్లు గీసుకున్నాడు. ఆ బొమ్మ మెట్ల మీద ఎడమచేతి వేళ్లతో గంటల తరబడి వాయించేవాడు. చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేది చెక్క మీద వేళ్ల టకటకే. ఆయనకు మాత్రం లోపల షోపాన్‌ వినపడేవాడు. రెండు చేతులకు రాసిన ముక్కల్ని ఒక్క చేతిలోకి ఎలా దించాలన్నది ఆ పెట్టె మీదే మొదలైన లెక్క.

ఓమ్స్క్‌లో డెన్మార్క్‌ తరఫు కాన్సుల్‌ ఒకరు యుద్ధఖైదీల బాగోగులు చూసేవాడు. ఆయన ద్వారా వియన్నాలోని లేబర్‌కు కబురు వెళ్లింది. ఎడమచేతికి పియానో, పక్కన ఆర్కెస్ట్రా ఉండేలా ఏదైనా రాసిపెట్టమని. శిష్యుడి సంగతి ముందే తెలిసిన ఆ అంధ గురువు, ఎవరూ అడక్కుండానే అప్పటికే రాయడం మొదలెట్టేశాడు. నాకైతే ఈ కథ మొత్తంలో మనసుకు తగిలేది రవెల్‌ కాదు, ఈ ముసలాయనే. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి.

1915 చివర్లో ఖైదీల మార్పిడిలో పాల్‌ ఇల్లు చేరాడు. ఏడాది సాధన చేశాడు. 1916 డిసెంబరు 12న వియన్నాలో రెండో తొలి కచేరీ చేశాడు. వాయించింది లేబర్‌ రాసిన కచేరీ ముక్కే. ఇది చాలక, పట్టుబట్టి మళ్లీ సైన్యంలోకి వెళ్లి, ఒంటిచేత్తోనే ఇటలీ వైపు పనిచేసి 1918లో తిరిగొచ్చాడు. ఎందుకంత పట్టుదల అంటే, ఆ ఇంటి మనుషులంతే అనాలి.

ఒక చేత్తో ఎలా?

మన పద్యనాటకాల హార్మోనిస్టును తలుచుకోండి. ఒక చెయ్యి మెట్ల మీద, ఇంకోటి తిత్తి మీద. ఆయన ఒక్క చేత్తోనే సభంతా నడిపిస్తాడు. మరి పియానోకి ఒక చెయ్యి చాలదా అని అనిపించొచ్చు. చాలదు. హార్మోనియం ప్రధానంగా ఒక గొంతుని అనుసరిస్తుంది. పియానో ఒకేసారి పాటా పాడాలి, కింద ఆధారమూ ఇవ్వాలి, మధ్యలో నిండుదనమూ చూపాలి. 88 మెట్లు, నాలుగడుగుల వెడల్పు. పాట కుడివైపు ఉంటుంది, ఆధారం ఎడమవైపు. అందుకే రెండు చేతులు.

ఒకే చేత్తో ఇదంతా చేయాలంటే మూడు పనులు తెలియాలి. మొదటిది దూకడం. ఆధార స్వరం కొట్టి, అది చెవిలోంచి పోకముందే చెయ్యి పైకి ఎగరాలి. రెండోది పెడల్‌. కాలితో పెడల్‌ తొక్కిపెడితే వదిలేసిన స్వరం కూడా మోగుతూనే ఉంటుంది. చెయ్యి వెళ్లిపోయినా శబ్దం అక్కడే ఉంటుంది. కాలు ఒక్క క్షణం తేడాగా కదిలితే అంతా కలగాపులగం. మూడోది బొటనవేలు. ఎడమచేతిని పియానో మీద పెట్టి చూడండి, బొటనవేలు కుడివైపు, అంటే హెచ్చు స్వరాల వైపు ఉంటుంది. చేతిలో అన్నిటికన్నా బలమైన వేలు పాట పాడే చోట పడింది. అదే కుడిచెయ్యి అయితే ఆ పని చిటికెనవేలు చేయాలి. అందుకే ఒంటిచేతి పియానో సంగీతంలో ఎక్కువ భాగం ఎడమచేతికే ఉంది. పోయింది కుడిచెయ్యి కావడం పియానిస్టుగా పాల్‌కు ఒక విధంగా కలిసొచ్చిందని చెప్పుకోవాలి. చెప్పడానికి నోరు రాదు గానీ నిజం అదే.

దారి పూర్తిగా కొత్తది కూడా కాదు. హంగరీలో గేజా జిచీ అనే ప్రభువు ఉండేవాడు. కుర్రతనంలో వేటలో కుడిచెయ్యి పోయింది. ఆయన ఎడమచేత్తోనే కచేరీలు చేసి పేరు తెచ్చుకున్నాడు. యుద్ధంలో చేతులు పోయిన సైనికుల కోసం, ఒంటిచేత్తో రోజువారీ పనులు చేసుకోవడం ఎలాగో 1915లో ఒక పుస్తకం కూడా అచ్చేశాడు. రష్యాలో స్క్రియాబిన్‌ అతి సాధనతో కుడిచెయ్యి దెబ్బతిన్నప్పుడు ఎడమచేతికి రెండు ముక్కలు రాసుకున్నాడు. బాఖ్‌ వయొలిన్‌ రచన ఒకదాన్ని బ్రామ్స్‌ ఎడమచేతి పియానోకి మార్చాడు. ఇంతా కలిపితే నాలుగైదు కచేరీలకు సరిపోతుందేమో. జీవితాంతానికి చాలదు.

స్వరకర్తలకు ఆర్డర్లు

మార్కెట్లో సరుకు లేదు. అయితే తయారు చేయించుకోవాలి. పాల్‌ ఆలోచన అది. తండ్రి వదిలిన ఆస్తిలో పాల్‌ వాటా పెద్దది. లుడ్విగ్‌ తన వాటాను తోబుట్టువులకే రాసిచ్చేయడంతో అది ఇంకా పెరిగింది. ఇక్కడ దాచాల్సిందేం లేదు, అంత డబ్బు లేకపోతే ఈ కథ ఇలా ఉండేది కాదు. అదే యుద్ధంలో చేతులు పోయిన వాద్యకారులు ఇంకా ఉండే ఉంటారు, వాళ్ల కోసం రవెల్‌ ఏమీ రాయలేదు. కానీ డబ్బున్న ప్రతివాడూ ఇలా ఖర్చుపెట్టడు కూడా.

1922-23 ప్రాంతంలో ఒకేసారి నలుగురికి పని అప్పగించాడు. హిండెమిట్‌, కోర్న్‌గోల్డ్‌, ఫ్రాన్జ్‌ ష్మిట్‌, బోర్ట్‌కియెవిచ్‌. తర్వాత రిచర్డ్‌ స్ట్రాస్‌ రెండు రాశాడు. ఆ తర్వాత రవెల్‌, ప్రొకోఫియెవ్‌. రెండో యుద్ధం నాటికి అప్పటికింకా కుర్రాడైన బ్రిటన్‌. ఒప్పందాలు గట్టివి. ఫీజు భారీగా ఇస్తాడు. బదులుగా కొన్నేళ్లపాటు ఆ ముక్కను తను తప్ప వేరెవరూ వాయించకూడదు.

ఫీజు ఇచ్చినంత మాత్రాన నచ్చాలని లేదు. ఆర్కెస్ట్రా మరీ బరువుగా ఉంటే కత్తిరించమనేవాడు, లేదా తనే కత్తిరించేవాడు. నిజానికి అది అర్థం చేసుకోదగ్గ భయమే. వెనకాల అరవై డెబ్బై మంది వాయిస్తుంటే ఒక్క చెయ్యి వినపడాలి కదా. స్ట్రాస్‌తోనూ ఇదే పేచీ, బ్రిటన్‌తోనూ ఇదే. హిండెమిట్‌ పంపింది ఆయనకు మింగుడుపడలేదు. డబ్బిచ్చి బీరువాలో పెట్టేశాడు. 1931లో ప్రొకోఫియెవ్‌ పంపిన కన్సర్టో చూసి, అందులో తనకేమీ అర్థం కాలేదనీ వాయించబోననీ మర్యాదగా రాసి పంపాడు. వీటిలో ఆయనకు నిజంగా ఇష్టమైనవి ష్మిట్‌ రచనలు. ఇవాళ వాటిని వినేవాళ్లు తక్కువే.

రవెల్‌తో పేచీ

రవెల్‌ది వేరే సంగతి. అప్పటికే యూరప్‌ అంతా తెలిసిన పేరు. అదే యుద్ధంలో ఫ్రాన్స్‌ తరఫున వెర్దున్‌ దగ్గర లారీ నడిపాడు. అంటే పాల్‌కు అవతలి పక్షం. 1929లో కబురు అందేసరికి ఇంకో పియానో కన్సర్టో మీద కూర్చుని ఉన్నాడు. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని రాశాడు. ముందుగా సాన్‌-సాన్స్‌ ఎడమచేతికి రాసిన అభ్యాసాలు తెప్పించుకుని చదివాడు. తర్వాత ఒక నియమం పెట్టుకున్నాడు. వింటున్నవాడికి ఒక చెయ్యి తక్కువైనట్టు ఎక్కడా అనిపించకూడదు.

రాసింది రవెల్‌ స్వయంగా వాయించి వినిపించాడు. ఆయన గొప్ప పియానిస్టు కాదు, రెండు చేతులతో కిందామీదా పడ్డాడు. పాల్‌కు పెద్దగా ఎక్కలేదు. మధ్యలో ఆర్కెస్ట్రా లేకుండా పియానో ఒక్కటే చాలాసేపు వాయించే భాగాలు ఉన్నాయి. ఒంటరిగా వాయించుకోవడానికైతే కన్సర్టో రాయించుకోవడం దేనికని ఆయన గొణుగుడు. నెలల తరబడి సాధన చేశాక గానీ చేతిలో ఉన్నది ఎంత పెద్ద వస్తువో అర్థం కాలేదు. ఈ సంగతి తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

1932 జనవరి 5న వియన్నాలో తొలి ప్రదర్శన. రవెల్‌ అక్కడ లేడు. ఆ నెలాఖర్లో వియన్నా వచ్చినప్పుడు పాల్‌ ఇంట్లో విందు, తర్వాత కచేరీ. ఆర్కెస్ట్రా భాగాన్ని ఇంకో పియానో మీద వాయించారు. వింటూ ఉండగా రవెల్‌ మొహం మారిపోయింది. ఆర్కెస్ట్రాకు రాసిన పాట పియానోలోకి వచ్చేసింది. కొన్ని వరసలు మాయం. చివర ఒంటరి భాగంలో తను రాయని జల్లులు. కచేరీ అయ్యాక నెమ్మదిగా పాల్‌ దగ్గరకు నడిచి, ఇది కాదు నేను రాసింది అన్న అర్థం వచ్చేలా నిలదీశాడు. తర్వాత ఉత్తరాల యుద్ధం. వాయించేవాడు స్వరకర్తకు బానిస కాడని పాల్‌ వాదన, బానిసేనని రవెల్‌ జవాబు.

ఎవరిది న్యాయం? సాఫ్ట్‌వేర్లో పనిచేసేవాళ్లు రోజూ చూసే తగాదా ఇది. డబ్బిచ్చిన క్లయింటుకు మార్చే హక్కు ఎంతవరకు? నా వరకు రవెల్‌దే న్యాయం. ఎందుకంటే మార్పులు విన్నాం, మార్పుల్లేనిదీ విన్నాం. రెంటిలో ఏది మేలో సందేహం లేదు. చివరికి పాల్‌ కొంత దిగొచ్చాడు. 1933 జనవరి 17న పారిస్‌లో రవెల్‌ ఆర్కెస్ట్రాని నడిపిస్తుండగా ఆయనే వాయించాడు. ఆరేళ్ల హక్కు ముగిసే దాకా రవెల్‌ ఓపిక పట్టాడు. ముగియగానే, చిన్నప్పటి నుంచి తెలిసిన జాక్‌ ఫెవ్రియేకు అప్పగించాడు. 1937 మార్చిలో పారిస్‌లో షార్ల్‌ మ్యూన్ష్‌ నాయకత్వంలో, రాసింది రాసినట్టు వినిపించింది. అదే ఏడాది డిసెంబరు 28న రవెల్‌ చనిపోయాడు.

ఏ రికార్డింగ్‌ వినాలి?

నిడివి 18-19 నిమిషాలే. కాబట్టి ఒక ఆదివారం పొద్దున మూడు నాలుగు రికార్డింగ్‌లు పక్కపక్కన పెట్టుకుని వినొచ్చు. పోల్చడానికి మూడు చోట్లు చాలు. పియానో మొదటిసారి లేచే చోటు. మధ్యలో జాజ్‌ వాసన వేసే కవాతు. చివర్లో పియానో ఒంటరిగా వాయించే పెద్ద భాగం.

ముందుగా పాల్‌దే. 1937 ఫిబ్రవరి 28న ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్రూనో వాల్టర్‌ నాయకత్వంలో కన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాతో చేసిన కచేరీ, నేరుగా రికార్డయింది. బరబరమని పాత శబ్దం, ఫర్వాలేదు. పియానో లేచే చోట ఆ దూకుడు చూడండి, మెట్లు విరుగుతాయేమో అన్నట్టు కొడతాడు. తప్పు స్వరాలు పడతాయి. కవాతులో తొందర. రవెల్‌కు కోపం తెప్పించిన మార్పులు కొన్ని చెవికి తెలిసిపోతాయి. నాజూకు తక్కువ. కానీ ఇది వాయించకపోతే నేను లేను అన్నట్టు వాయించే మనిషి ఇంకెవరూ వినపడరు. 1958లో డెబ్బై ఏళ్లప్పుడు మాక్స్‌ రుడాల్ఫ్‌తో స్టూడియోలో మళ్లీ రికార్డు చేశాడు. అది వినకపోయినా నష్టం లేదు. చెయ్యి అలిసిపోయింది.

ఫెవ్రియే 1940ల మొదట్లో మ్యూన్ష్‌తోనే చేసిన రికార్డింగ్‌ ఉంది. రవెల్‌ ఎంచుకున్న చెయ్యి ఇది. ఆర్భాటం లేదు, లెక్క తప్పదు. స్వరలిపి పక్కన పెట్టుకుని చదివినట్టు ఉంటుంది. పాల్‌ది విన్న వెంటనే ఇది వింటే ఇద్దరి తగాదా ఏమిటో ఒక్క మాట చెప్పక్కర్లేకుండా అర్థమైపోతుంది. ఆల్‌ఫ్రెడ్‌ కోర్తో 1939లో చేసినదానిలో తడబాట్లు ఉన్నాయి, అయినా పాట పాడించడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. రాబర్‌ కసదసూ 1947లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో చేసింది ఇస్త్రీ మడతలా ఉంటుంది. నాకు కాస్త పొడిగా అనిపించింది.

సామ్‌సన్‌ ఫ్రాన్స్వా 1959లో క్లూయిటెన్స్‌తో చేసింది వేరే లోకం. కవాతు దగ్గరకు వచ్చేసరికి రాత్రి పొద్దుపోయాక పారిస్‌ క్లబ్బులో ఉన్నట్టుంటుంది. ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ పరిగెత్తుతాడో తెలియదు. కొందరు విమర్శకులకు ఆ స్వేచ్ఛ నచ్చదు. ఒక్కటే వినే టైముందంటే నేను ఇదే చెబుతాను. ఆర్కెస్ట్రాలో ఏ వాద్యం ఎప్పుడు ఏం చేస్తోందో అద్దంలో చూసినట్టు వినాలంటే మాత్రం జిమెర్మన్‌, బులే కలిసి లండన్‌ సింఫనీతో 1990ల్లో చేసింది. మొదటి గొణుగుడులో ఆ లావాటి బస్సూన్‌ ఊపిరి కూడా తెలుస్తుంది.

ఇంకొకటి వదలకూడదు. లియోన్‌ ఫ్లైషర్‌ అమెరికన్‌. 1964లో, 36 ఏళ్ల వయసులో, కెరియర్‌ మంచి ఊపులో ఉండగా కుడిచేతి వేళ్లు మాట వినడం మానేశాయి. వాటంతటవే ముడుచుకుపోయేవి. ఫోకల్‌ డిస్టోనియా అనే నరాల సమస్య అని చాలా ఏళ్లకు గానీ తేలలేదు. మూడు దశాబ్దాలు ఎడమచేతి సంగీతమే ఆయన బతుకు. 1990ల మొదట్లో ఓజావా నాయకత్వంలో బోస్టన్‌ సింఫనీతో చేసిన రికార్డింగ్‌లో చివరి ఒంటరి భాగం వినండి. బొటనవేలు పాటను మోస్తూ ఉంటే కింద అలలు ఎక్కడా తొందరపడవు. రెండు చేతులున్నవాడు ఒకటి ఒళ్లో పెట్టుకుని వాయించడం వేరు, ఇది వేరు. ఆ తేడా నిజంగా చెవికి తెలుస్తుందా, లేక కథ తెలిసి అలా అనిపిస్తుందా? పేర్లు చూడకుండా వినిపించమని ఫ్రెండ్‌కి చెప్పి, మీరే తేల్చుకోండి.

ఊరు పోయింది, ఆస్తి పోయింది

1938 మార్చిలో హిట్లర్‌ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. విట్‌గెన్‌స్టైన్‌లు క్రైస్తవులుగానే పెరిగారు. కానీ నాజీ చట్టం తాతముత్తాతల లెక్క చూస్తుంది. ఆ లెక్కలో నలుగురిలో ముగ్గురు యూదులు. దేశం కోసం చెయ్యి పోగొట్టుకున్నవాడు రాత్రికి రాత్రి ఆ దేశానికి పరాయివాడయ్యాడు. వియన్నాలో పాఠాలు చెబుతున్న కన్సర్వేటరీ ఉద్యోగం పోయింది. దానికి మించిన ముప్పు ఇంకోటి. ఆయన శిష్యురాలు, చూపులేని హిల్డే షానియాతో బంధం, ఇద్దరు ఆడపిల్లలు. ఆమె యూదు కాదు. అలాంటి బంధం అప్పుడు నేరం.

స్విట్జర్లాండ్‌ మీదుగా 1938 చివర్లో న్యూయార్క్‌ చేరాడు. హిల్డే, పిల్లలు తర్వాత బయటపడ్డారు. 1940లో క్యూబాలో పెళ్లి జరిగింది. వియన్నాలో మిగిలిన అక్కల ప్రాణాల కోసం కుటుంబం నాజీలతో బేరం ఆడాల్సి వచ్చింది. విదేశాల్లో దాచిన 1.7 టన్నుల బంగారం వాళ్లకు అప్పగిస్తే, లెక్క మార్చి, అక్కల్ని యూదులు కాదని తేల్చారు. ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్న గొడవలో తోబుట్టువులతో పాల్‌కు చెడింది. మళ్లీ కలవలేదు. లుడ్విగ్‌తో కూడా.

అమెరికాలో కాలేజీల్లో పాఠాలు చెప్పాడు. 1946లో అక్కడి పౌరుడయ్యాడు. వేళ్ల పట్టు తగ్గుతున్నా కచేరీలు మానలేదు. 1957లో మూడు భాగాలుగా స్కూల్‌ ఫర్‌ ది లెఫ్ట్‌ హ్యాండ్‌ అచ్చయింది. వేళ్ల కసరత్తులు, అభ్యాసాలు, ఒంటిచేతికి మార్చిన ముక్కలు అందులో ఉన్నాయి. చెక్కపెట్టె మీద మొదలైన లెక్కల పుస్తకం అది. 1961 మార్చి 3న న్యూయార్క్‌ దగ్గర లాంగ్‌ ఐలాండ్‌లో కన్నుమూశాడు.

తాళం పడిన కాగితాలు

రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీకి చెందిన జిగ్‌ఫ్రీడ్‌ రాప్‌ అనే పియానిస్టుకు కుడిచెయ్యి పోయింది. వాయించడానికి ఏమైనా ఇవ్వమని పాల్‌కు ఉత్తరం రాశాడు. పాల్‌ ఇవ్వలేదు. డబ్బు తనది, ఆ సంగీతం తన కచేరీల కోసం కట్టుకున్న ఇల్లు, అందులోకి ఇంకొకరిని రానివ్వనన్నది ఆయన లెక్క. అదే ఆయన, లేబర్‌ అడక్కుండానే రాసిచ్చినది తీసుకుని మళ్లీ వేదికెక్కినవాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. రాప్‌ ఊరుకోలేదు. పాల్‌ పక్కన పడేసిన ప్రొకోఫియెవ్‌ కన్సర్టోను స్వరకర్త కుటుంబం నుంచి సంపాదించి, 1956లో బెర్లిన్‌లో మొదటిసారి వినిపించాడు. అప్పటికి ప్రొకోఫియెవ్‌ చనిపోయి మూడేళ్లు.

హిండెమిట్‌ది ఇంకా ఆలస్యం. 1923లో రాసిన ఆ కాగితాలు పాల్‌ పోయాక కూడా హిల్డే దగ్గరే ఉండిపోయాయి. ఆమె మరణం తర్వాత, 2002లో అమెరికాలోని ఇంట్లో బయటపడ్డాయి. 2004 డిసెంబరులో బెర్లిన్‌ ఫిల్‌హార్మోనిక్‌తో, సైమన్‌ రాటిల్‌ నాయకత్వంలో తొలి ప్రదర్శన జరిగింది. రాసిన 81 ఏళ్లకు. పియానో ముందు కూర్చున్నది 76 ఏళ్ల లియోన్‌ ఫ్లైషర్‌. చికిత్సతో కుడిచెయ్యి అప్పటికి మళ్లీ కదులుతోంది. ఆ సాయంత్రం దానితో పని పడలేదు.